అరవై అయిదో పేరు

తప్పు చేశానేమోనని అనుమానం వచ్చిన మనిషి ముందుగా చేసే పని, చేయలేదని రుజువు వెతుక్కోవడం. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు నేను ఆ పనిలోనే ఉన్నాను. బల్ల మీద రెండు కాగితాలు. ఒకదాంట్లో వరసగా రాసిన పేర్లు. రెండోదాంట్లో మెషీను అచ్చువేసిన ఒక్క వాక్యం: "పరీక్షించిన పేర్లు 65, లోపాలు 0." మొదటి కాగితంలో పేర్లు లెక్కపెట్టాను. అరవై నాలుగు. పెన్సిలుతో టిక్కులు పెడుతూ లెక్కపెట్టాను. కింది నుంచి పైకి లెక్కపెట్టాను. అరవై నాలుగు అరవై నాలుగే.

ఈ కాగితాలు రెండూ నిన్న కూడా నా జేబులోనే ఉన్నాయి. జేబులో పెట్టుకునే నేను ఒక అమ్మాయిని పోలీసులకు వేలెత్తి చూపించాను. ఈరోజు సాయంత్రం నాలుగు గంటలకు ఆమెను కోర్టులో నిలబెడతారు.

జరిగిందంతా మళ్ళీ మొదటి నుంచి నెమరేసుకున్నాను. నా బడాయి ఎక్కడ అడ్డమొచ్చిందో తెలియాలి కదా.

సోమవారం ఉదయం ఒక అయిదంతస్తుల భవనంలో లిఫ్టు మెకానిక్కు ఒకడు తలుపు తెరిచి ఉన్న లిఫ్టులోకి కాలు పెట్టాడు. తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు పైకి కదిలింది. మనిషి దక్కలేదు. ఆ లిఫ్టును నడిపే ప్రోగ్రాం తయారుచేసే కంపెనీ నన్ను పిలిపించింది. ఆ ప్రోగ్రాం అంటే తొమ్మిది వందల చిన్న చిన్న ఫైళ్ళు. వాటిని కలిపి ఒకే ప్రోగ్రాంగా కుట్టే పనిముట్టు ఒకటుంది. ఆఫీసులో దాన్ని దర్జీ అంటారు. దర్జీ కుట్టి ఇచ్చినదాన్ని బిల్డు అంటారు. తలుపు తెరిచి ఉంటే కదలొద్దని లిఫ్టుకు చెప్పే ఫైలు 'కాపలా' అనే ఫోల్డరులో ఉంటుంది. ఆ ఫోల్డరులో ఏవి కనిపిస్తే వాటిని దర్జీ కుట్టేస్తాడు. లేనిదాన్ని గురించి అడగడు.

పోయిన గురువారం పదకొండూ అయిదుకి ఆ తలుపు ఫైలు ఉంది. పదకొండూ ఇరవైకి కుట్టిన బిల్డులో లేదు. మధ్యలో, పదకొండూ పన్నెండు నిమిషాలకి, ఒకే ఒక మెషీను ఆ ఫోల్డరును ముట్టుకుంది. అది టెస్టరు అమ్మాయిది. ఆమె పాస్‌వర్డుతోనే. శుక్రవారం ఉదయానికి ఫైలు మళ్ళీ యథాస్థానంలో ఉంది. దర్జీ బాగాలేదని ఆమె మూడు నెలలుగా అందరితోనూ పోరుతోందని, ఎవరూ వినలేదని, ఆఫీసంతా ఆమెకు 'పేచీ' అని పేరు పెట్టారని కూడా విన్నాను. ఇంకేముంది, కసి అనుకున్నాను. తీసిందీ ఆమే, తిరిగి పెట్టిందీ ఆమే అన్నాను. బిల్డు కుట్టే మెషీను ప్రతి ఉదయం ఆరింటికి ఫైళ్ళన్నిటినీ అసలు చోటు నుంచి తనంతట తనే కొత్తగా తెచ్చుకుంటుందన్న సంగతి ఈరోజు తెలిసింది. అడిగి ఉంటే నిన్ననే చెప్పేవారు.

"పదకొండూ పన్నెండుకి ఎక్కడున్నావు?" అని ఆమెను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ తలదించుకుంది. నేరం ఉన్నవాళ్ళే అలా తలదించుకుంటారనుకున్నాను.

ఒంటిగంటా ఇరవైకి స్టేషనుకు వెళ్ళాను. వరండాలో బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో అయిదు నెలల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. నన్ను చూడగానే ఆవిడ పాపను భుజాన వేసుకుని లేచింది.

"మీరు ఆ డిటెక్టివ్ గారే కదా బాబూ?"

"అవునమ్మా."

"నిన్న ఫోన్లో మా అమ్మాయి చెప్పింది. అందరూ గదమాయిస్తుంటే మీరొక్కరే నెమ్మదిగా మాట్లాడారంట. మీకు పుణ్యముంటుంది, దాన్ని బయటికి తీసుకురండి. పసిబిడ్డ తల్లి. నిన్నటి నుంచీ ఇది సీసా ముట్టుకోవడం లేదు."

తల కొట్టేసినట్టయింది. నెమ్మదిగా మాట్లాడినవాడే ఆమెను లోపలికి తోశాడని ఆవిడకు తెలియదు. చెప్పేద్దామని నోరు తెరిచాను. "చూస్తానమ్మా" అన్న మాట బయటికి వచ్చింది. ఎన్నో అబద్ధాలు ఆడినవాణ్ణే కానీ, ఇంత చవకబారు మాట ఎప్పుడూ అనలేదు.

లోపల గదిలో ఆ అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. నిన్నంతా 'పేచీ' అనే పిలిచాను. ఈరోజు ఆ మాట నోట్లోంచి రాలేదు.

"నీ లిస్టులో ఎన్ని పేర్లున్నాయమ్మా?"

"అరవై నాలుగు."

"గురువారం మెషీను అరవై అయిదు పరీక్షించానంటోంది."

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "కాదండి. అరవై నాలుగే. నేను ఒక్కొక్కటీ చేత్తో రాసుకున్నవి."

"అసలు ఆ పేర్ల గోలేంటో నాకు మళ్ళీ చెప్పు. నిన్న సరిగ్గా వినలేదు."

"ఫైళ్ళకి జనం ఎలాంటి పేర్లయినా పెడతారు సార్. కొందరు నక్షత్రం గుర్తు పెడతారు, కొందరు కొటేషన్ గుర్తు పెడతారు, అడ్డగీతతో మొదలుపెట్టేవాళ్ళు కూడా ఉంటారు. అలాంటివి చూసి దర్జీ తికమక పడకూడదు. అందుకని నేను వంకర పేర్లతో ఉత్తుత్తి ఫైళ్ళు చేసి దర్జీ ముందు పడేస్తాను. కుడితే పాసు. తర్వాత ఆ ఉత్తుత్తివన్నీ దర్జీయే తుడిచేస్తాడు. అదే నా పని."

"మరి నువ్వు మూడు నెలల క్రితం మీ పెద్దాయనకి ఏం రాసిచ్చావు?"

"పేరు మధ్యలో ఖాళీ ఉంటే దర్జీకి చేతకావడం లేదని. ఒక పేరుని రెండుగా చదువుతాడు. మీ పేరు 'పెద్ద బాబు' అనుకోండి. పెద్ద ఒకడు, బాబు ఇంకొకడు అనుకుంటాడు. తుడిచేటప్పుడు కూడా అంతే. ఇద్దరి కోసం వెతుకుతాడు."

"బాబు అనేవాడు నిజంగానే పక్క గదిలో ఉంటే?"

ఆమె మొదటిసారి తలెత్తి నా కళ్ళలోకి చూసింది. "వాడు పోతాడు" అంది. ఆ మాట అన్నాక తనే గభాలున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు తట్టినదే ఆమెకూ తట్టింది.

"నీ లిస్టులో ఖాళీ ఉన్న పేరు ఒక్కటీ లేదేం?" అని అడిగాను.

"ఉండేవి సార్. ఆరు ఉండేవి. నేనే తీసేశాను. అవి ఉన్నన్నాళ్ళూ రోజూ ఎర్రగా ఫెయిల్ అని వచ్చేది. పేర్లు పెట్టడం రానివాళ్ళ కోసం నా దర్జీని మార్చాలా అని ఆయన అందరి ముందూ అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు. తీసేస్తే అంతా పచ్చగా కనిపించేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. తీసెయ్యకుండా పోరాడాల్సింది. ఆ మెకానిక్కు ఇంట్లోవాళ్ళకి నేనేం ముఖం చూపించను?"

బయట పాప ఏడుపు హెచ్చింది. ఆమె చటుక్కున గోడవైపు తిరిగి, రెండు చేతులూ గుండెకు అడ్డంగా బిగించుకుంది. నిన్న కూడా అలాగే కూర్చుంది. పొగరనుకున్నాను. ఇప్పుడు చొక్కా ముందు భాగం తడిసి ఉండడం కనిపించింది. పదకొండూ పన్నెండుకి ఆమె ఎక్కడుందో, ముగ్గురు మగవాళ్ళం చుట్టూ కూర్చుని అడిగితే ఎందుకు తలదించుకుందో, అంతా ఒక్క క్షణంలో బోధపడింది. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

ఆ ప్రశ్న నాలుగోసారి అడగలేదు. తలుపు తీసి కానిస్టేబులును పిలిచాను.

"పాపను లోపలికి ఎందుకు పంపలేదు?"

"ఎవరినీ పంపొద్దని అయ్యగారి ఆర్డరండి."

"నేను పంపమన్నానని చెప్పు. తిడితే నన్నే తిడతాడులే, అలవాటే."

అయ్యగారంటే ఇన్‌స్పెక్టరు. మా అక్క మొగుడు. డిటెక్టివ్ అంటే ఉద్యోగం దొరకనివాడు పెట్టుకునే పేరని ఆయన సిద్ధాంతం. అలాంటి మా బావ ఈరోజు పన్నెండింటికి టీవీ వాళ్ళ ముందు నిలబడి, కేసును నలభై ఎనిమిది గంటల్లో తానే ఛేదించానని చెప్పుకున్నాడు. నా పేరు ఎత్తలేదు. మామూలుగా అయితే నాకు కడుపు మండేది. ఈరోజు హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇంకొంచెం సిగ్గుపడ్డాను.

రెండూ అయిదుకి కంపెనీలో ఉన్నాను. మేనేజరు గదికి వెళ్ళలేదు. ఆఫీసు శుభ్రం చేసే ఆవిడ కోసం వెతికాను. ఆవిణ్ణి అందరూ అక్కా అంటారు. మూడో అంతస్తు చివర తడిబట్ట పిండుతూ కనిపించింది.

"అక్కా, ఆ టెస్టరమ్మాయి రోజూ పదకొండింటికి ఎక్కడికి వెళ్తుంది?"

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఇప్పటికి అడగబుద్ధయిందా? నిన్న ఇదే గుమ్మం ముందు నుంచి నాలుగుసార్లు చక్కర్లు కొట్టారు."

"నువ్వైనా చెప్పొచ్చుగా?"

"మీరు నన్నడిగారా? కాళ్ళెత్తి నడవండి, తడిగా ఉంది అంటే ఆ మాట కూడా వినలేదు."

తాళం తీసి చూపించింది. అది పాత సామాను గది. విరిగిన కుర్చీలు, తీగల చుట్టలు, పనికిరాని కంప్యూటరు తెరలు. మధ్యలో మాత్రం ఒక కుర్చీ శుభ్రంగా తుడిచి ఉంది. దాని పక్కనే గోడకు ప్లగ్గు. కుర్చీ వీపు మీద మడతపెట్టిన తువ్వాలు. తలుపుకున్న గాజు పలకకు లోపలి నుంచి అట్టముక్క అంటించి ఉంది. నాలుగు మూలలా టేపు. ఎవరూ చూడకూడదని అంత జాగ్రత్తగా అంటించిన అట్టను చూస్తూ నిలబడలేకపోయాను.

"పాలు తీసుకునేది బాబూ" అంది అక్క. "పసిబిడ్డ తల్లి, తొమ్మిది గంటలు ఇక్కడే ఉండాలి. ఇంత పెద్ద ఆఫీసులో ఆ పిల్లకి ఒక గది లేదు. నేనే ఈ తాళం ఇచ్చేదాన్ని. ఎవరైనా తోసుకొస్తారని దానికి భయం. అందుకే నేను బయట స్టూలేసుకుని కూర్చునేదాన్ని."

"గురువారం కూడా?"

అక్క తాళంచెవుల పుస్తకం నా చేతిలో పెట్టింది. మేకుకు వేలాడే మామూలు నోటుబుక్కు. నిన్న దాన్ని నేను కళ్ళారా చూశాను. సామాను గది పుస్తకంతో మనకేం పని అని దాటిపోయాను. గురువారం, తీసుకున్న సమయం పదకొండు. తిరిగి ఇచ్చిన సమయం పదకొండూ ఇరవై అయిదు. రెండుచోట్లా ఆ అమ్మాయి సంతకం, పక్కన అక్క సంతకం.

"ఆ సమయంలో ఆమె సీటు దగ్గరికి ఎవరు వెళ్ళారో చూశావా?"

"చూడంది చూశానని చెప్పను. నా స్టూలు దగ్గర్నుంచి ఆ సీటు కనబడదు."

నిన్న నాకు సాక్ష్యం ఇచ్చినవాళ్ళలో ఒక్కరైనా ఈ మాట అనలేదు.

ఆమె సీటు దగ్గరికి వెళ్ళాను. తెర అంచుకు పసుపు కాగితం అంటించి ఉంది: "టెస్టు నడుస్తోంది, దయచేసి ముట్టుకోవద్దు." తెరకు తాళం వేస్తే టెస్టు మధ్యలో ఆగిపోతుందని, అందుకని ఈ గదిలో ఎవరూ తాళం వేయరని పక్క సీటతను నిన్ననే చెప్పాడు. అది వాళ్ళ పద్ధతి. అంటే ఆ కాగితం కనబడితే, ఆమె సీట్లో లేదనీ, తెర తెరిచే ఉందనీ గదిలో ప్రతివాడికీ తెలుసు. అయితే పేరులో ఖాళీ సంగతి మీద పంతం పట్టినవాళ్ళు ఇద్దరే. ఉత్తరం రాసిన ఈ అమ్మాయి, ఉత్తరం అందుకున్న మేస్త్రిగారు.

మేస్త్రిగారంటే దర్జీని పుట్టించినాయన. ఇరవై రెండేళ్ళ క్రితం ఒంటిచేత్తో రాశాడు. ఇప్పటికీ దానిలో ఒక్క అక్షరం మార్చాలన్నా ఆయనే మార్చాలి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. కానీ ఉత్త అనుమానంతో ఇంకో మనిషిని వేలెత్తి చూపించడానికి నాకు ఇక చెయ్యి రాదు.

మేస్త్రిగారికి కబురు పంపాను. బావకు ఫోన్ చేశాను. ఇద్దరూ వచ్చేసరికి మూడు గంటలైంది. బావ వస్తూనే మొదలుపెట్టాడు.

"ఏరా, నిన్న తిరుగులేని సాక్ష్యం అన్నావు. ఈరోజు ఏమైంది, తిరిగిందా?"

"బావా, నిన్న నేను గాడిదని."

"ఈరోజు కాదని గ్యారంటీ ఏంటి?"

"ఏమీ లేదు. అందుకే నిన్ను పిలిచాను. ఆ అమ్మాయి గురువారం పదకొండు నుంచి ఇరవై అయిదు నిమిషాలు ఇక్కడ లేదు. ఇదిగో పుస్తకం."

బావ పుస్తకం తిరగేసి బల్ల మీద పడేశాడు. "చీపురు పట్టే మనిషి సంతకం తీసుకొచ్చి జడ్జిగారికి చూపించమంటావా? రెండున్నరకే ఆమెను స్టేషన్ నుంచి బయల్దేరదీశాను. నువ్వు చెప్పావని కేసు పెట్టి, నువ్వు కాదన్నావని తీసెయ్యడానికి ఇది మీ అక్క ఇల్లు కాదు."

"తీసెయ్యొద్దు. పది నిమిషాలు కూర్చో."

మేస్త్రిగారు తలుపు దగ్గరే నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. గడ్డం నున్నగా గీసుకున్నాడు, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నేను ఆ అమ్మాయి మెషీను ముందు కూర్చుని లిస్టు తెరిచాను.

"మేస్త్రిగారూ, నాకు ఈ విద్య రాదు. తప్పైతే చెప్పండి. అరవై అయిదో పేరు ఒకటి చేరుస్తున్నాను. ముందు ఏదో ఉత్తుత్తి పేరు. తర్వాత ఒక ఖాళీ. ఖాళీ తర్వాత, కాపలా ఫోల్డరులో తలుపు ఫైలు పేరు."

ఆయన రెండడుగులు ముందుకు వచ్చాడు.

"ఇప్పుడు టెస్టు నడిపిస్తాను. ఉత్తుత్తి పేర్లే కదా, ఏమవుతుంది?"

వేలు మీట మీదికి తెచ్చాను. ఎముకలు నొప్పిపుట్టేలా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"నొక్కకండి బాబూ! అసలు ఫైలు పోతుంది!"

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ణి పట్టుకోవడం సులువే. పట్టుకున్నాక సంతోషం మాత్రం కలగలేదు.

"ఈ మెషీను నెట్‌వర్క్ తీగ ముందే పీకేశాను, ఏమీ పోదు" అని కాలి దగ్గర పడి ఉన్న తీగ చూపించాను. "మీకెలా తెలుసు మేస్త్రిగారూ, పోతుందని? ఆ అమ్మాయికి కూడా ఈరోజు నేనడిగితేనే తట్టింది."

ఆయన నా చెయ్యి వదిలేశాడు. పక్క సీట్లో కూలబడ్డాడు.

"నిరూపిద్దామనుకున్నాను. అంతే బాబూ. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, నా దర్జీకి ఒక ఖాళీ చదవడం రాదని ఉత్తరం రాస్తే... దాని లిస్టులోనే, దాని మెషీను మీదే, ఖాళీ ఉన్న పేరు పెట్టి పాసు చేయించి దాని ముఖాన పెడదామనుకున్నాను. నిజమైన పేరులా ఉండాలని కాపలా ఫోల్డరులోని మన తలుపు ఫైలు పేరే వాడాను. పచ్చగా పాసని వచ్చింది. ఆ పేరు మళ్ళీ తీసేశాను. ఆ రోజు నేను ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాను."

"లోపమే లేదని ఎలా వచ్చింది?" అని అడిగాడు బావ.

"ఏదైనా అడ్డం తగిలితేనే దర్జీ అరుస్తాడు సార్. ఆ పిల్ల పాత పేర్లలో ఏ ముక్కా దొరక్క అరిచేవాడు, ఈ పేరులో రెండో ముక్క నిజంగానే దొరికింది. కనబడినదాన్ని కుట్టాడు, తుడవమన్నదాన్ని తుడిచాడు. అరవడానికేమీ లేదు. అరవకపోతే పాసు. అలా రాసింది నేనే."

"ఎప్పుడు తెలిసింది మీకు?" అన్నాను.

"సోమవారం. మెకానిక్కు సంగతి వినగానే వచ్చి చూశాను. చూసిన రెండు నిమిషాల్లో తెలిసిపోయింది."

"మరి నిన్న ఆమెను తీసుకెళ్తుంటే మీరు ఈ గదిలోనే ఉన్నారు."

"ఉన్నాను."

"ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గు బాబూ" అన్నాడు. ముసలి మనిషి చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. "జైలంటే భయం లేదు. ఇరవై రెండేళ్ళు ఈ గదిలో అందరికీ తప్పులు చూపించినవాణ్ణి. నాదే తప్పని ఈ పిల్లల ముందు ఎలా చెప్పను? ఈ పూట చెబుదాం, రేపు పొద్దున చెబుదాం అనుకుంటూ..."

ఆయన్ను తిట్టడానికి నాకు నోరు రాలేదు. మధ్యాహ్నం వరండాలో ఆ పెద్దావిడ ముందు నేనూ అదే పని చేశాను.

బావ కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. మేస్త్రిగారు తల వంచుకునే ఇంకో మాట అన్నాడు. చాలా నెమ్మదిగా అన్నాడు.

"ఒక్కసారి కాదు సార్."

"ఏంటి?"

"పోయిన వారం సోమవారమే మొదలుపెట్టాను. ఒక్కసారి పాసైతే కాకతాళీయం అంటుందని, నాలుగు రోజులు వరసగా నడిపించాను. నాలుగుసార్లూ పాసైంది."

నేను గురువారం లెక్కలు ఒక్కటే చూశాను. మెకానిక్కు చనిపోయిన లిఫ్టులో ఉన్నది గురువారం బిల్డు కాబట్టి, ఆ ఒక్కరోజు కాగితాలే అడిగి తీసుకున్నాను. "మిగతా రోజుల బిల్డులు వాడుకోవచ్చా?" అని నిన్న సాయంత్రం కంపెనీ వాళ్ళు అడిగితే, "నిశ్చింతగా వాడుకోండి" అని చెప్పింది కూడా నేనే.

"ఆ మూడు బిల్డులూ ఎక్కడున్నాయి?" అని అరిచాను.

మేస్త్రిగారు గోడ మీది బోర్డు చూపించాడు. ఏ బిల్డు ఏ భవనానికి, ఏ రోజు, ఎన్ని గంటలకు ఎక్కించాలో రాసి ఉంది. రెండింటికి ఎదురుగా రేపటి తేదీ ఉంది. మూడోదానికి ఎదురుగా ఎక్కించినట్టు టిక్కు. ఈరోజు ఉదయం పది గంటలు. కోర్టు భవనం.

గడియారంలో మూడూ ఇరవై నాలుగు.

"బావా, కోర్టుకి ఫోన్ చెయ్యి. లిఫ్టు ఆపించు."

బావ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు కానీ నొక్కలేదు. "ఆపమంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే, పన్నెండింటికి టీవీలో నేను చెప్పినదంతా... ఒక్క అరగంట ఆగరా. నాలుగింటికి ఆవిణ్ణి హాజరుపరచనీ. తర్వాత మెల్లగా కంపెనీ చేతే ఆపిద్దాం. పొద్దుట్నుంచీ తిరుగుతూనే ఉందిగా, ఏమీ కాలేదుగా?"

"తలుపు తెరిచి ఉన్నప్పుడు పై అంతస్తులో ఎవరైనా మీట నొక్కితే చాలు సార్" అన్నాడు మేస్త్రిగారు. "అంతవరకే ఏమీ కాదు."

"బావా, ఆయన సిగ్గుపడి రెండు రోజులు ఆగాడు. నేను మధ్యాహ్నం నుంచీ ఆగాను. నువ్వు ఆగకు." ఫోన్ లాక్కున్నాను. ఆ అమ్మాయితో వెళ్ళిన కానిస్టేబులు నంబరు నొక్కి, స్పీకరు పెట్టాను. ఆరుసార్లు మోగాక ఎత్తాడు. వెనక గోలగోలగా ఉంది.

"నేను డిటెక్టివ్‌ని. ఎక్కడున్నారు?"

"కోర్టులోనేనండి, కింద హాల్లో. ఈవిడ పెద్ద గలాటా చేస్తోందండి. లిఫ్టు పక్కన, కొత్త ప్రోగ్రాం ఎక్కించామని ఈవిడ కంపెనీ వాళ్ళు ఈరోజు తేదీతో అంటించిన చీటీ చూసింది. ఇక చూస్కోండి, ఎక్కనంటే ఎక్కనని మొండికేసింది."

"ఎక్కించొద్దు! ఆమె చెప్పింది నిజం. ఆమె ఏ తప్పూ చేయలేదు, తప్పు నాది. మెట్ల మీద తీసుకెళ్ళు."

"అలాగేనండి. ఈవిణ్ణి గట్టిగా పట్టుకునే ఉన్నాం, మళ్ళీ లిఫ్టు వైపు పరిగెత్తబోతోంది."

"ఎక్కనన్న మనిషి అటెందుకు పరిగెడుతుంది?"

"పెద్దావిడ ముందే ఎక్కేసిందండి, పాపను ఎత్తుకుని. దిగమ్మా దిగమ్మా అని ఈవిడ ఒకటే అరుపు. మనసు కుదుటపడక ఏదేదో వాగుతోందని మేమే ఆపాం. నిందితురాలు కదండి, వదిలేస్తే ఎటు పోతుందో."

బావ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, గొంతు చిరిగిపోయేలా అరిచాడు. "వదలరా ఆమెని! వదిలెయ్! ఆ ముసలావిణ్ణి బయటికి లాగు!"

"సార్... తలుపు తెరిచే ఉంది సార్, పైన ఎవరో మీట..."

అవతల ఫోన్ నేల మీద పడ్డ చప్పుడైంది. ఆ అమ్మాయి "అమ్మా" అని అరవడం దూరం నుంచి వినిపించింది. తర్వాత చాలామంది ఒక్కసారిగా పరిగెత్తిన అడుగుల చప్పుడు. ఆ తర్వాత ఎవరూ ఫోన్ ఎత్తలేదు. మేం ముగ్గురం ఇవతల ఫోన్ చుట్టూ నిలబడి ఉన్నాం. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.